నాడి గడిలో బొల్లికోళ్ళు

రాత్రి డ్యూటీ దిగి సరాసరి వచ్చేసింది కృపావతి.
చేతులకింకా స్పిరిట్ వాసన,
జడలో తియ్యడం మరిచిన తెల్లటోపీ పిన్ను.
కేజీహెచ్ గేటు దగ్గర నా స్కూటీ ఎక్కి
"బేగి పోనీయే, ఎండెక్కితే పిట్టలు మనకోసం కూర్చోవు" అంది.

గాజువాక దాకా నా వీపు మీదే నిద్ర.
ఉక్కు ఫ్యాక్టరీ గొట్టాల వెనక
ఆకాశం ఇంకా కాగని ఎసరు.
లంకెలపాలెం మలుపులో లారీ హారనుకి ఉలిక్కిపడి
"ఎన్ని?" అంది.
ఏవెన్ని? ఒక్క పిట్టా కనబడందే!
కలలో లెక్క పెడుతోందేమో,
పిట్టల్నో, పడకల్నో.

కొండకర్ల ఆవ.
రెండు తాటిబోదెలు తొలిచి, పక్కపక్కన కట్టి
దాన్నే పడవంటాడు గవరయ్య.
ఒక దాంట్లో ఆమె, ఒక దాంట్లో నేను.
ఎవరు తుమ్మినా ఇద్దరి గుండే జారుతుంది.

మాకున్నది ఒక్కటే బైనాక్యులర్.
ఆమె కళ్ళ నంబరు వేరు, నా కళ్ళది వేరు.
నా చేతికొచ్చేసరికి ఆవంతా పాలు విరిగిన నీళ్ళు.
చక్రం తిప్పుతాను,
మెల్లిగా తామరాకుకి అంచు వస్తుంది,
కొంగకి మెడ మొలుస్తుంది.
తిరిగి ఇస్తాను, ఆమె మళ్ళీ తిప్పుకుంటుంది.
పదకొండేళ్ళుగా
ఒకరి లోకాన్ని ఒకరం చెడగొట్టి
ఇచ్చి పుచ్చుకుంటున్నాం.

వార్డులో పారేసిన జ్వరం చార్టులే మా పిట్టల పుస్తకం.
నాడి అన్న గడిలో బొల్లికోళ్ళు అరవై రెండు.
శ్వాస అన్న గడిలో నీటికాకులు పదిహేడు.
విరేచనాల గడి మాత్రం
నత్తగుల్లకొంగలకి ఇవ్వడానికి ఆమెకి మనసొప్పలేదు.

"ఆ నీలంది ఎంత బాగుందో!" అన్నాను.
"ఏటి బాగుండడం? చేలో పడిందంటే మా పాలిట దొంగ"
గడ కర్రతో నీళ్ళని తిట్టాడు గవరయ్య.
ఆకుకి నొప్పి తెలీకుండా
పొడుగు వేళ్ళు మోపుతూ పోతోంది జకానా.
"సూది ఇలా వెయ్యాలే" అంది కృప,
తనలో తనే.

బోదెలోకి నీరూరింది.
ఆమె వంగి, కోసిన సీసాతో తోడుతోంది.
అప్పుడు
జమ్ములో ఒక జమ్ము
జమ్ము కాదు.
ముక్కు నిట్టనిలువునా మేఘం వైపు,
గొంతు మీద చారలు,
గాలి ఎటు వంచితే అటు ఒరుగుతూ,
ఒక పసుపుపచ్చ కన్ను మాత్రం ఒరగకుండా
నన్నే చూస్తూ.

"కృపా" అనేసరికి
జమ్మంతా జమ్మే.

"రాయి."
"ఎవరు చూశారు?"
"నేను."
"నేను చూడని జ్వరం నేను రాయనే."
గవరయ్య నవ్వాడు.
ఒడ్డు చేరేదాకా నేను మాట్లాడలేదు.
అరటిపండు సగం ఇస్తే తీసుకోలేదు.
తరవాత తీసుకున్నాను.

లంకెలపాలెంలో టీ.
గ్లాసు అంచు మీద వేలు తిప్పుతూ చెప్పింది.
పద్నాలుగో పడక.
తెల్లారగట్ల నాలుగు.
పక్కపడకకి సెలైన్ మార్చడానికి అటు తిరిగిందట.
"అంతేనే, అటు తిరిగేను.
ఆయా వచ్చి చెప్పింది.
టైము రాయాలి కదా మరి.
నాలుగూ పది అని రాసేను."

బస్సులు పోతున్నాయి అనకాపల్లి వైపు.
నా స్కూటీ సీటు ఎండకి కాలుతోంది.
ఏమీ అనడానికి లేక
ఆమె చెయ్యి మీది తామరతీగ పీచు తీసి పారేశాను.

కాసేపాగి అడిగింది,
"ముక్కు ఎటుంది?"
"పైకి."
"కదిలిందా?"
"గాలి కదిలితేనే."
"కన్ను?"
"పసుపు."

పెన్ను తీసింది.
థర్మామీటర్ని విదిలించినట్టు రెండుసార్లు విదిలించి
అడుగున మిగిలిన ఒక్క గడిలో
ఏదో రాసింది.
ఏం రాసిందో
నేను చూడలేదు.